ఫోన్ మార్చడం వేరు, ప్లాట్‌ఫామ్ మార్చడం వేరు

ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్ తీసుకోవాలా, ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కు రావాలా అని ఆలోచించేవారికి దొరికే సమాచారంలో చాలా భాగం ఫోన్ల పోలికలే. ఏ కెమెరా రాత్రిపూట బాగా తీస్తుంది, ఏ ప్రాసెసర్ వేగంగా నడుస్తుంది, ఏ బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది అన్న చర్చ తేలితే నిర్ణయం కూడా తేలిపోయినట్టే అనిపిస్తుంది. 2007లో ఐఫోన్, 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజుల్లో ఇలాంటి పోలికలకు విలువ ఉండేది. అక్షరాలను కాపీ చేసి మరోచోట పేస్ట్ చేసే వీలు కూడా ఐఫోన్‌కు 2009లో గానీ రాలేదు. ఇప్పుడు ఒకే ధర తరగతిలో ఉన్న రెండు ఫోన్ల మధ్య తేడా పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే తప్ప తెలియనంతగా తగ్గింది. 2012 నుంచి వేరుగా ఉన్న ఐఫోన్ ఛార్జింగ్ తీగ సైతం, ఐరోపా సమాఖ్య చట్టం ఒత్తిడితో, 2023లో ఐఫోన్ 15 నుంచి యూఎస్‌బీ-సీగా మారిపోయింది.

ఫోన్లు ఇంతగా దగ్గరైనా ప్లాట్‌ఫామ్, అంటే ఫోన్‌ను నడిపే వ్యవస్థ, దాని చుట్టూ అల్లుకున్న సేవలు మార్చి ఒకవైపు నుంచి మరోవైపుకు వెళ్లడం మాత్రం అంత తేలిక కాలేదు. ఏళ్లుగా పోగుపడిన ఫొటోలు, సంభాషణలు, కొనుగోళ్లు, పాస్‌వర్డులు, వాచీ, ఇంటిల్లిపాదీ పంచుకునే ఖాతాలు ఎవరి తాళం కింద ఉన్నాయో చూసుకోకుండా తీసుకునే నిర్ణయం సగం లెక్క మాత్రమే.

ఆ లెక్కలోకి వెళ్లేముందు ఒక భ్రమను పక్కన పెట్టాలి. నాలుగైదేళ్లు వాడిన ఫోన్‌ను వదిలి వేరే ప్లాట్‌ఫామ్ మీద నడిచే సరికొత్త ఫోన్ అందుకున్నవారు, అది చకచకా పనిచేయడం చూసి ఆ ఘనతను ప్లాట్‌ఫామ్‌కు కట్టబెడతారు. అంతే డబ్బు పెట్టి పాత ప్లాట్‌ఫామ్‌లోనే కొత్త ఫోన్ కొన్నా దాదాపు అదే అనుభవం దక్కేది. పాతబడిన బ్యాటరీలున్న ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా చూసేందుకు వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని యాపిల్ 2017 డిసెంబరులో అంగీకరించి, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను తగ్గించింది. కొత్త బ్యాటరీ వేయించుకున్న ఫోన్లు తిరిగి మునుపటి వేగాన్ని అందుకున్నాయి. కాబట్టి ఫోన్ నెమ్మదించిందన్నది ఒక్కటే ఫిర్యాదు అయితే ముందు బ్యాటరీ మార్పించి, నిండిపోయిన స్టోరేజీని ఖాళీ చేసి చూడాలి. దానికి అయ్యే ఖర్చు కొత్త ఫోన్ ధరలో చిన్న భాగమే.

ఇదే కోవలోని మరో పొరపాటు, చవకైన ఆండ్రాయిడ్ ఫోన్‌తో ఖరీదైన ఐఫోన్‌ను పోల్చి ఆండ్రాయిడ్ మొత్తాన్ని తీసిపారేయడం. ఆండ్రాయిడ్ ఒక కంపెనీ ఫోన్ కాదు. అనేక కంపెనీలు తమ తమ మార్పులతో అమ్మే వ్యవస్థ. ఐఫోన్ నుంచి అటు వెళ్లాలనుకునేవారు ప్లాట్‌ఫామ్‌తో పాటు కంపెనీని కూడా ఎంచుకోక తప్పదు. అందులో అన్నిటికంటే ముందు అడగవలసింది అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్నది. గూగుల్ 2023లో పిక్సెల్ 8 ఫోన్లకు, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24 ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చాయి. ఐఫోన్లు చాలాకాలంగా ఐదేళ్లకు పైగా తమను నడిపే ఐఓఎస్ వ్యవస్థ కొత్త రూపాలను అందుకుంటున్నాయి. 2015 నాటి 6ఎస్‌కు 2021లో వచ్చిన ఐఓఎస్ 15 కూడా దక్కింది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి అంత కాలం హామీ ఉండదు. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడం ఎంత ప్రమాదమో తెలిసినవారు ఈ ఒక్క కారణంతో ప్లాట్‌ఫామ్ మారినా తప్పు పట్టలేం.

వ్యక్తిగత గోప్యత కోసం మారతామనేవారి వాదన మరికాస్త జాగ్రత్తగా చూడవలసినది. ఒక యాప్ మనల్ని ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో వెంబడించాలంటే ముందుగా అనుమతి అడగాలన్న నిబంధనను యాపిల్ 2021లో ఐఓఎస్ 14.5తో తెచ్చింది. ప్రకటనల మీద బతికే కంపెనీలను అది గట్టిగానే తాకింది. అయితే ఐఫోన్ కొని, అందులో జీమెయిల్, గూగుల్ మ్యాప్స్, యూట్యూబ్, గూగుల్ సెర్చ్‌లను మునుపటిలాగే వాడుకునే మనిషి గూగుల్ నుంచి ఎంత దూరం జరిగినట్టు? ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌లో తన సెర్చ్ ముందే అమర్చి ఉండేందుకు గూగుల్ 2022లో యాపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు చెల్లించిన సంగతి అమెరికా కోర్టు పత్రాల ద్వారా బయటపడింది. గోప్యతే లక్ష్యమైతే ముందు యాప్‌లను, ఖాతాల సెట్టింగులను మార్చాలి. ఆ పని ఉన్న ఫోన్‌లోనే మొదలుపెట్టవచ్చు.

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. వాట్సాప్ చాట్ల బ్యాకప్ ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాలోకి, ఐఫోన్‌లో యాపిల్ ఆన్‌లైన్ నిల్వ సేవ అయిన ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది. ఒకవైపు దాచిన బ్యాకప్‌ను మరోవైపు ఫోన్ తెరవలేదు. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు చాట్లు తీసుకెళ్లే అధికారిక మార్గం 2021లో, అదీ మొదట శాంసంగ్ ఫోన్లకే వచ్చింది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లే మార్గం 2022లో తెరుచుకుంది. ఈ బదిలీ సాధారణంగా కొత్త ఫోన్‌ను మొదటిసారి సిద్ధం చేసే దశలోనే జరగాలి. ఉత్సాహం కొద్దీ ముందు అన్నీ అమర్చేసుకుని, తర్వాత చాట్లు గుర్తుకొచ్చినవారు ఫోన్‌ను మళ్లీ రీసెట్ చేయక తప్పదు.

వాచీల సంగతి ఇంకా కఠినం. యాపిల్ వాచ్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌తో జత చేయలేం. శాంసంగ్ గెలాక్సీ వాచీలు 2021 నాటి నాలుగో తరం నుంచి, గూగుల్ పిక్సెల్ వాచ్ మొదటి నుంచీ ఐఫోన్‌తో కలవవు. అంటే ఫోన్ మార్చినవారు వాచీ కూడా మార్చుకోవాలి. ఈ ఖర్చును చాలామంది కొత్త ఫోన్ కొన్నాక గానీ లెక్కలోకి తీసుకోరు. గార్మిన్ వంటి కంపెనీల వాచీలు రెండింటితోనూ పనిచేస్తాయి గనుక, రేపెప్పుడో మారే ఆలోచన ఉన్నవారు వాచీ కొనేటప్పుడే ఆ సంగతి చూసుకోవడం లాభం.

డబ్బు పెట్టి కొన్న యాప్‌లు కూడా వెంట రావు. ఒక స్టోర్‌లో కొన్నదాన్ని రెండో స్టోర్‌లో మళ్లీ కొనుక్కోవాలి. సబ్‌స్క్రిప్షన్లలో ఇంకో మెలిక ఉంది. యాప్ స్టోర్ ద్వారానో ప్లే స్టోర్ ద్వారానో కట్టిన చందా ఫోన్ మార్చినంత మాత్రాన ఆగదు. పాత ఖాతాలో అది నెలనెలా కోత పెడుతూనే ఉంటుంది. సేవ అందించే సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కట్టిన చందాకు ఈ బాధ లేదు. రెండంచెల భద్రత కోసం కోడ్లు చూపే యాప్‌లను ఇంతకంటే శ్రద్ధగా చూసుకోవాలి. గూగుల్ ఆథెంటికేటర్‌లోని కోడ్లు 2023 వరకు ఫోన్‌లోనే ఉండేవి, ఖాతాలోకి చేరేవి కావు. అలాంటి యాప్‌ను ముందుగా తరలించకుండా పాత ఫోన్‌ను చెరిపేస్తే సొంత ఖాతాల తలుపులు మనకే మూసుకుపోతాయి.

ఈ అడ్డంకులన్నీ సాంకేతిక కారణాలతో వాటంతట అవే పుట్టుకొచ్చాయని నమ్మడం అమాయకత్వం. వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్‌కూ యాపిల్‌కూ మధ్య 2021లో జరిగిన కోర్టు విచారణలో యాపిల్ పెద్దల పాత ఈమెయిళ్లు బయటికొచ్చాయి. యాపిల్ పరికరాల మధ్యే నడిచే సందేశాల సేవ ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు ఇస్తే, ఐఫోన్ వాడే కుటుంబాలు తమ పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వడానికి ఉన్న ఆటంకం తొలగిపోతుందని ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి క్రెయిగ్ ఫెడరీఘీ వాటిలో రాశారు. అమెరికా న్యాయ శాఖ 2024 మార్చిలో యాపిల్‌పై వేసిన గుత్తాధిపత్య కేసులో ఇలా వినియోగదారులను కట్టిపడేయడం ఒక ప్రధాన ఆరోపణ. అదే ఏడాది ఐఓఎస్ 18తో, ఎస్ఎంఎస్‌కు మెరుగైన రూపమైన ఆర్‌సీఎస్ సందేశాలు ఐఫోన్‌కు రావడంతో రెండు రకాల ఫోన్ల మధ్య సందేశాలు కొంత మెరుగుపడ్డాయి. ఇంట్లోనూ స్నేహితుల్లోనూ అందరూ వాట్సాప్‌లోనే మాట్లాడుకునేవారికి ఈ గొడవతో పెద్దగా పని లేదు.

అలాగని గూగుల్‌ది ధర్మకార్యమేమీ కాదు. దాని ఆదాయంలో సింహభాగం ప్రకటనల నుంచి వస్తుంది గనుక, మనం ఏ ఫోన్‌లో ఉన్నా తన సేవలు వాడితే చాలు. అందుకే తన యాప్‌లు దాదాపు అన్నిటినీ ఐఫోన్‌లోనూ ఉంచింది. యాపిల్‌ది పరికరాలు అమ్మే వ్యాపారం, సేవలు ఆ పరికరాలను వదలకుండా పట్టి ఉంచే బంధనాలు. ఈ తేడా వల్ల ప్రయాణం రెండు దిశల్లో ఒకేలా ఉండదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేవారికి గూగుల్ ఫొటోస్, జీమెయిల్, క్యాలెండర్ అక్కడ ఎదురుచూస్తుంటాయి. ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్, వాచీ నాలుగూ ఉన్న మనిషి అటు నుంచి రావాలంటే ఒక్క ఫోన్ మార్చి ఊరుకోవడం కుదరదు. మిగిలిన మూడింటి సుఖాన్నీ కొంత వదులుకోవాలి. నా అంచనాలో అలాంటివారికి బలమైన కారణం ఉంటే తప్ప మార్పు గిట్టుబాటు కాదు. ఫోన్ ఒక్కటే యాపిల్‌ది, కంప్యూటర్ విండోస్‌ది అయినవారి పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం.

నియంత్రణ సంస్థల ఒత్తిడి కొంత ఫలితాన్నిచ్చిన మాట నిజం. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ నిబంధన, తమ సమాచారాన్ని ఒక సంస్థ నుంచి మరో సంస్థకు తీసుకెళ్లే హక్కును అక్కడి పౌరులకు ఇచ్చింది. ఐక్లౌడ్‌లోని ఫొటోల ప్రతిని నేరుగా గూగుల్ ఫొటోస్‌కు పంపే సదుపాయాన్ని యాపిల్ 2021లో పెట్టింది. దానికి ఎదురు దిశలో పంపే వీలు 2024లో వచ్చింది. ఈ సదుపాయాల సంగతి చాలామందికి తెలియదు, వాటిని ప్రచారం చేయడంలో కంపెనీలకు ఆసక్తీ లేదు.

అలవాటుకు కూడా ఒక ధర ఉంటుంది. ప్రత్యామ్నాయం మెరుగైనదైనా ఉన్నదాన్నే కొనసాగించడానికి మనుషులు మొగ్గు చూపుతారని ఆర్థికవేత్తలు విలియం శామ్యూల్‌సన్, రిచర్డ్ జెక్‌హాసర్ 1988లోనే చూపించారు. చూపు లేనివారు తెరను చదివి వినిపించే సదుపాయం మీద ఆధారపడతారు. వారికి ప్లాట్‌ఫామ్ మారడమంటే వేళ్ల కదలికల భాషను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడమే గనుక, మిగతావారి ఇష్టాయిష్టాలను వారి మీద రుద్దకూడదు. రాసుకునే భాష కూడా ఇక్కడ లెక్కకు వస్తుంది. 2018 ఫిబ్రవరిలో తెలుగులోని ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక అక్షర క్రమంలో పంపితే చాలు, దాన్ని చూపించబోయిన ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి, కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది. మన ఒత్తులూ గుణింతాలూ అంత పెద్ద కంపెనీని తిప్పలు పెట్టడం అప్పట్లో కొందరికి వినోదమే. అదంతా గడిచిన ముచ్చట. రోజూ రాసే భాషలో టైపింగ్, మాట్లాడితే రాసుకునే సదుపాయం ఎలా ఉన్నాయో తెలిసినవారి ఫోన్‌లో ఒక అరగంట ప్రయత్నించి చూస్తే, సమీక్షలు చెప్పని చాలా సంగతులు తెలుస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకు ఏ చిక్కు వచ్చినా సరిచేసే మనిషి ఎవరో ఒకరు ప్రతి కుటుంబంలో ఉంటారు. ఆ మనిషి ప్లాట్‌ఫామ్ మారితే సాయం అందడం తగ్గుతుంది. ఆ మనిషి వాడే ప్లాట్‌ఫామ్‌కు మిగతావారు మారితే, సాంకేతికంగా ఏది మేలన్న ప్రశ్నతో సంబంధం లేకుండానే, అందరికీ హాయి. ఈ కారణాన్ని చిన్నదిగా చూసే నిపుణులు ఆ బాధ్యత ఎన్నడూ మోసి ఉండరు.

ఇంత ఆలోచించాక కూడా నిర్ణయం తేలనివారు, ఫోన్ జోలికి పోకుండా, ముందు తమ వస్తువులను ఏ ప్లాట్‌ఫామ్‌కూ చెందని చోటికి చేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. పాస్‌వర్డులను రెండింటిలోనూ పనిచేసే మేనేజర్‌లోకి, నోట్స్‌ను, ఫొటోలను రెండుచోట్లా తెరుచుకునే సేవలోకి మార్చుకుని, చందాలను వెబ్‌సైట్ ద్వారా కట్టుకుంటూ కొన్ని నెలలు గడపాలి. వారిలో కొందరికి మారాలన్న తహతహ అప్పటికే తగ్గిపోతుంది, ఎందుకంటే చిరాకు పెట్టినది ఫోన్ కాదని తెలుస్తుంది. మిగిలినవారికి మార్పు ఒక సాయంత్రం పనిగా మిగులుతుంది. మారకుండా ఉండిపోయినవారికీ ఈ శ్రమ వృథా కాదు. ప్లాట్‌ఫామే మూతపడే రోజు రావచ్చు: ఒకప్పుడు పేరుమోసిన ఫోన్ల కంపెనీ బ్లాక్‌బెర్రీ తన పాత ఫోన్లకు సేవలను 2022 జనవరి 4న నిలిపివేసినప్పుడు, వాటిని అప్పటిదాకా వాడుతున్నవారికి ఎంచుకునే అవకాశమే మిగల్లేదు.

మారాలని నిశ్చయించుకున్నవారు పాత ఫోన్‌ను వెంటనే అమ్మకూడదు. బ్యాంకు యాప్‌లు కొత్త ఫోన్‌ను గుర్తించి, కోడ్ల యాప్ పనిచేసి, చందాల తేదీలు ఒక విడత తిరిగి, ఫొటోలు పూర్తిగా చేరాయని నమ్మకం కుదిరేదాకా దాన్ని ఛార్జ్ చేసి పక్కన ఉంచాలి. ఐఫోన్ వదిలేవారు సిమ్ తీయకముందే ఐమెసేజ్‌ను ఆపివేయాలి. ఆ పని చేయకపోతే ఇతర ఐఫోన్ల నుంచి వచ్చే సందేశాలు కొత్త ఫోన్‌కు చేరకపోవచ్చు. నంబరును ఐమెసేజ్ నుంచి తొలగించుకునేందుకు యాపిల్ 2014లో ఒక వెబ్ పేజీని కూడా పెట్టింది. చివరికి ఫోన్‌ను అమ్మేటప్పుడు, ఐఫోన్ అయితే యాపిల్ ఖాతా నుంచి, ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఖాతా నుంచి బయటికి వచ్చిన తర్వాతే రీసెట్ చేయాలి. ఖాతా తీయకుండా చెరిపేసిన ఫోన్‌ను దొంగల నుంచి కాపాడే తాళం, దాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నవారికీ తెరుచుకోదు.