జూట్ మిల్లు కార్మికుడికి పని రాదనే వాళ్లకు

మా విజయనగరం జిల్లాలో జూట్ మిల్లు మూతపడిందనగానే ఒక మాట వినిపిస్తుంది: "పాతకాలపు యంత్రాలు, పని రాని కూలీలు, ఎన్నాళ్లు నడుస్తుంది?" యంత్రాల సంగతి ఒప్పుకుంటాను. రెండో మాటకే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి మిల్లులోనే, నారను పోగుగా వడికే స్పిన్నింగ్‌లో నా వయసంతా గడిచింది.

మా దగ్గర నార సెలక్షన్ చూసే బాబాయ్ ఒకాయన ఉండేవాడు. బేలు, అంటే బిగించి కట్టిన నార మూట, పక్క నుంచి లోపలికి చెయ్యి దూర్చేవాడు. వెచ్చగా తగిలితే తడి ఉన్నట్టే. తర్వాత నాలుగు పోగులు లాగి, చెవి దగ్గర పెట్టుకుని తెంపేవాడు. ఆ చప్పుడును బట్టి ఏది పడుగుకు (నేతలో నిలువు పోగు) పోవాలో, ఏది పేకకు (అడ్డం పోగు) పోవాలో తేల్చేసేవాడు. ఆయన మాటకు ఇంజినీర్లు కూడా ఎదురు చెప్పేవారు కాదు.

మాకు వచ్చేది ఎక్కువగా గోగునార. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల చెరువుల్లో ఊరబెట్టి తీసినది. పరదేశాల వ్యాపారులు దీన్ని బిమ్లీపట్నం జూట్ అనేవారు, మన భీమిలి రేవు పేరుతోనే. బెంగాల్ జనపనార కంటే గరుకు. నూనె, నీళ్లు పట్టించి, కుప్పపోసి మగ్గబెడితేగాని మాట వినదు. ఎండాకాలం వడగాడ్పుకు ఆరిందంటే వడికే ఫ్రేముల మీద పోగులు తెగుతూనే ఉంటాయి. 50 కిలోల ధాన్యం పట్టే ఖాళీ సంచి బరువు ఇప్పటి ప్రమాణం ప్రకారం 580 గ్రాములు. పోగు లావెక్కినా, సన్నబడినా ఆ తూకం తప్పుతుంది. అది తప్పకుండా చూసింది మా వేళ్లే.

మగ్గాల షెడ్డులో అరిచినా వినపడదు. టీ కావాలన్నా, మేస్త్రీ వస్తున్నాడన్నా, ఇంట్లో పిల్లకు జ్వరమన్నా అన్నీ సైగలే. దుమ్ముకు మంచిదని బెల్లం ముక్క పంచుకునేవాళ్లం, ఒకరి చోడి అంబలి ఒకరు తాగేవాళ్లం. పైడితల్లి సిరిమానోత్సవం నాడు బి షిఫ్టు ఎవరు చెయ్యాలన్నది పెద్ద పంచాయితీ. చివరికి పసిపిల్లలున్న వాళ్లను జాతరకు పంపి, పెద్దవాళ్లు ఫ్రేముల దగ్గర నిలబడేవారు. అంత మంచి మనుషుల మధ్య మళ్లీ పని చెయ్యలేదు నేను.

ఎందుకు మూతపడిందో అందరూ చెబుతారు: నార ధర, కరెంటు బిల్లు, ప్లాస్టిక్ సంచులు. వాటి జోలికి పోను. నాకు మింగుడుపడనిది వేరే. ఆ బాబాయ్ తర్వాత విశాఖలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లాడు. దరఖాస్తులో నైపుణ్యం అన్న గడిలో ఎవరో "ఏమీ లేదు" అని రాశారు. ఆ కాగితం నా కళ్లారా చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తిండిగింజలకు గోనె సంచులే వాడాలని 1987లో చేసిన చట్టం ఇంకా ఉంది. సంచులు కావాలి, అవి నేసే మిల్లులూ ఉన్నాయి. కొత్త కుర్రాళ్లకు శిక్షణ అంటూ ఎక్కడెక్కడి వాళ్లనో రప్పించే అధికారులు ముందు నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు వైపు వెళ్లి మా పాత కార్మికుల తలుపు తట్టండి. నేర్పినందుకు గౌరవంగా జీతం ఇవ్వండి. పిలిస్తే రేపు ఎ షిఫ్టుకే వస్తారు.