బొచ్చెకు బంగారుతీగ గాలం

విశాఖలో మంచినీటి చేపకు గాలం వేస్తానని చెప్పుకోవడం కాస్త మొహమాటమైన పనే. ఫిషింగ్ హార్బర్‌ను పక్కనే పెట్టుకుని, కోనెం ముక్కలూ చందువా వేపుడూ తిని పెరిగే ఊళ్లో బొచ్చెనూ శీలావతినీ పట్టించుకునేవాళ్లు తక్కువ. 'అది లారీలో వచ్చే చేప కదండీ' అని తీసిపారేస్తారు. నిజమే. బజార్లో దొరికేది చాలావరకు కొల్లేరు వైపు చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే సరుకే. అయినా గోపాలపట్నం వైపు పెరిగిన నాలాంటివాళ్లకు ముందు పరిచయమైన నీళ్లు సముద్రానివి కావు, గెడ్డవి, అంటే కొండవాగువి. మా వైపు ఊళ్ల పేర్లు చూడండి: ఇది గెడ్డ, అది ఆవ (నీళ్లు నిలిచే పల్లం), ఆ పక్కది లోవ (కొండల నడుమ లోయ). కొండల మీద పడ్డ వాన ఎటు పారి ఎక్కడ ఆగుతుందో ఆ పేర్లే చెప్పేస్తాయి. వెదురు కర్ర, జీలుగు బెండు, నెమలి ఈక కాడతో మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు నా దగ్గరా కార్బన్ రాడ్ ఉంది. కాబట్టి ఇదంతా కొత్తదాని మీద పాతవాడి ఏడుపు అనుకోకండి.

పోయిన చలికాలం రైవాడ రిజర్వాయర్ గట్టున ఒక కుర్రాడు కలిశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనాదివారాలు సెలవు. స్టాండు మీద మూడు రాడ్లు వరసగా, ఒక్కోదానికి ఒక్కో అలారం, మడత కుర్చీ, ఎరను నీళ్ల మధ్యకు మోసుకెళ్లే రిమోట్ పడవ. చూడముచ్చటగా సర్దుకున్నాడు. మధ్యాహ్నం దాకా నా బెండు కదల్లేదు. అతని అలారం పదకొండింటికి కూసింది. అయిదు కిలోలు తూగే బంగారుతీగ. నేను ఖాళీ సంచితో ఇంటికొచ్చాను. ముందుగా ఇది ఒప్పుకుంటే తక్కిన మాటలకు విలువ ఉంటుంది.

కానీ ఆ పూటంతా మా ఎదురుగానే, గట్టుకు యాభై గజాల్లో, బొచ్చెలు నీళ్లపైకి లేచి పడుతున్నాయి. ఒక్కోటి పదేళ్ల పిల్లాడి చేయంత పొడవు. 'అంకుల్, ఇన్ని ఉన్నాయి, ఒక్కటీ కొట్టదేంటి?' అని అడిగాడు. అప్పుడు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

అతను పరిచిన సామానంతా ఒక్క చేప కోసం పుట్టింది. ఆ చేప బంగారుతీగ, అంటే కామన్ కార్ప్. ఇంగ్లండ్‌లో రిచర్డ్ వాకర్ అనే ఆయన 1952 సెప్టెంబరులో రెడ్‌మైర్ అనే చిన్న కొలనులో 44 పౌండ్ల, అంటే దాదాపు 20 కిలోల కార్ప్‌ను పట్టాడు. దాన్ని ప్రాణంతో లండన్ జూకి పంపితే అక్కడ 1971 దాకా బతికింది. అంత పెద్ద కార్ప్‌ను గాలంతో పట్టడం అసాధ్యమని అప్పటిదాకా అక్కడివాళ్ల నమ్మకం. ఆ తర్వాత ఇది ఒక విద్య అయింది. కరెంటుతో మోగే అలారం 1950ల్లోనే వచ్చింది. బాయిలీ అనే ఉడికించిన ఎర వచ్చింది. 1980కి కాస్త అటూ ఇటూగా లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు 'హెయిర్ రిగ్' కనిపెట్టారు. గాజు తొట్టెలో చేపలను గమనిస్తే, అవి ఎరను లోపలికి పీల్చి, అనుమానం రాగానే ఉమ్మేస్తున్నాయట. దాంతో ఎరను గాలానికి గుచ్చడం మానేసి, గాలం పక్కన వెంట్రుకతో వేలాడదీశారు. మొదట్లో వాడింది నిజంగా తల వెంట్రుకే. ఎర మామూలుగా లోపలికి పోతుంది. ఉమ్మేటప్పుడు ఖాళీ గాలం కింది పెదవికి దిగుతుంది. దానికి తోడు వంద గ్రాముల సీసం కట్టారు. ముల్లు గుచ్చుకోగానే చేప బెదిరి పరుగు తీస్తుంది, సీసం బరువుకు గాలం ఇంకా లోతుకు దిగుతుంది. మనిషి లేచి వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది.

'చేప తనంతట తానే పట్టుబడితే ఇంక మనమెందుకు' అని నా వయసువాళ్లు ఎగతాళి చేస్తుంటారు. నేను ఆ గుంపులో చేరలేను. ఎందుకంటే మేం వాడింది గుత్తి గాలం. నిమ్మకాయంత పిండి ముద్ద, దాని చుట్టూ వేలాడే ఆరో ఎనిమిదో చిన్న గాలాలు. ముద్దను పీల్చి వదిలే చేపకు వాటిలో ఏదో ఒకటి తగులుకునేది. పెదవికి తగిలితే సరే. కంటికీ మొప్పకూ పొట్టకూ తగిలినవి ఎన్ని చూశానో. తెంపుకుని పోయిన చేప ఆ గుత్తిని మోస్తూ ఎన్నాళ్లు బతికిందో ఎవరికి తెలుసు? చేప పీల్చి ఉమ్ముతుందన్న సంగతి మాకూ తెలుసు, గాజు తొట్టె లేకపోయినా. ఆ తెలివిని మేం మొరటుగా వాడాం. వాళ్లు ఒక్క గాలంతో, ఒక్క పెదవితో సరిపెట్టారు. ఈ లెక్కన హెయిర్ రిగ్ మా పద్ధతి కన్నా దయగలది. ఇరవై ఏళ్లు గుత్తి వేసినవాడిగా చెబుతున్నాను.

బాయిలీ గురించి కూడా అంతే. గుడ్లు, రవ్వ, పిండి, చేపపొడి కలిపి, ఉండలు చేసి, మరిగే నీళ్లలో వేసి తీస్తారు. వినాయక చవితి ఉండ్రాళ్లకు దగ్గర చుట్టమే. ఉడికాక పైన గట్టి పొర కడుతుంది, చిన్న చేపలు దాన్ని పీకలేవు. మన గెడ్డల్లో ఇప్పుడు తిలాపియా విపరీతంగా పెరిగింది. దానికి పరిగెలు తోడు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన నా మెత్తటి ముద్ద పది నిమిషాలు నిలవదు, గాలం నున్నగా తేలి వస్తుంది. అడుగున పెద్ద చేప కోసం గంటలు కూర్చోవాలంటే బాయిలీయే మేలు. దిగుమతి సరుకు ధర చూస్తే మాత్రం ఆ డబ్బుతో చేపే కొని పులుసు పెట్టుకోవచ్చనిపిస్తుంది. ఇంట్లో రవ్వ ఉంది, కోడిగుడ్లు ఉన్నాయి. ఉండలు చేసుకోవడానికి విదేశీ పొట్లం ఎందుకు?

అయితే బొచ్చెకు ఇవేవీ పట్టవు. బంగారుతీగకు నోరు కిందికి సాగుతుంది, రెండు జతల మీసాలుంటాయి. పంది బురద తవ్వినట్టు అడుగు తవ్వి తింటుంది. గట్టి ఉండనైనా గొంతులోని పళ్లతో నలిపేస్తుంది. బొచ్చెకు మీసాలే లేవు. నోరు పైకి తిరిగి ఉంటుంది. పైనీళ్లలోనూ నడిమినీళ్లలోనూ తిరుగుతూ, కంటికి కనిపించని జీవాలను నీళ్లతో సహా పీల్చి, మొప్పల జల్లెడలో పట్టుకుంటుంది. ఎరను అది కొరకదు. చుట్టూ కరుగుతూ మసకలా విడిపోయే మెత్తటి ముద్ద కావాలి, అదీ అడుగున కాదు, పైనుంచి మూడు నాలుగు అడుగుల లోతులో వేలాడాలి. శీలావతి నడిమినీళ్లది, అంచులు చీలికల్లా ఉన్న పెదవులతో నాచు గీరుకుంటుంది. మోసు అడుగునే ఉన్నా బంగారుతీగలా తవ్వదు. పెంపకం రైతులు ఈ చేపలను ఒకే చెరువులో కలిపి పెంచేదే ఇందుకు. ఒకటి పైన, ఒకటి మధ్యన, ఒకటి అడుగున మేస్తాయి, ఒకదాని కంచం జోలికి ఇంకొకటి పెద్దగా పోదు. చేపల రైతుకు చిన్నప్పుడే తెలిసే ఈ సంగతి మూడు రాడ్లున్న కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. అతను చూసే వీడియోలన్నీ బంగారుతీగవి. మూడు ఎరలూ అడుగున ఉన్నాయి, చేపలు పైన ఉన్నాయి.

బొచ్చె దెబ్బను కనిపెట్టడం అలారం వల్ల కాదు. బెండు రెండుసార్లు సన్నగా వణుకుతుంది, మునగదు. మూడోసారి అర అంగుళం పైకి లేస్తుంది. కొసన ఉన్న బరువును చేప పీల్చి ఎత్తింది కాబట్టి. ఆ లేచిన క్షణంలో కర్ర ఎత్తాలి. మునిగేదాకా ఆగితే అయిపోయినట్టే. దీన్ని చూడాలంటే కళ్లు నీళ్ల మీద ఉండాలి. అలారం చేసిన అసలు మార్పు నా దృష్టిలో ఇదే: మనిషి కళ్లను ఫోను మీదికి మళ్లించింది. నీళ్లు చూడనివాడికి గాలి మారడం తెలియదు, ఏ మూల బుడగలు లేస్తున్నాయో తెలియదు, కొంగ ఎందుకు చోటు మార్చిందో తెలియదు. రైవాడలో బొచ్చెలు లేచినప్పుడు కూడా ముందు అతని చెవికి చప్పుడే వినిపించింది. తలెత్తేసరికి వలయాలే మిగిలాయి.

మేత సంగతి మరీ చిరాకు పుట్టిస్తుంది. రెండు రోజుల ముందు నుంచే కిలోలకొద్దీ మేత పోసి చేపను ఒక చోటికి మాలిమి చేయడం ఇంగ్లండ్ పద్ధతి. చల్లటి నీళ్లున్న సొంత కొలనులో ఏం చేసుకున్నా వాళ్లిష్టం. మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ, రైవాడ నీళ్లు మన కుళాయిల్లోకి వస్తాయి. వాటిలో గాలం వేయడానికే అనుమతి అడగాలి, బస్తాలు పోయడం మాట దేవుడెరుగు. ఎండాకాలపు నీళ్లలో తినకుండా మిగిలిన మేత త్వరగా కుళ్లుతుంది, కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. మన చేపల రైతును చూడండి. బెజ్జాలు పెట్టిన సంచుల్లో తవుడూ చెక్కా నింపి గెడలకు వేలాడదీస్తాడు. చేపలు వచ్చి ఆ బెజ్జాల దగ్గర పీల్చుకుంటాయి. సాయంత్రం సంచి ఎత్తి చూసి, మిగిలితే మర్నాడు తగ్గిస్తాడు. విదేశీ గాలగాళ్లు ఇప్పుడు గొప్పగా వాడే 'మెథడ్ ఫీడర్' కూడా ఎరనూ మేతనూ ఒక్కచోట, కొంచెం కొంచెంగా అందించే ఏర్పాటే. అది కొనుక్కున్నవాడు బస్తా ఎందుకు పోస్తాడో నాకు అర్థం కాదు.

ఇక పట్టి వదిలేయడం. ఈ మాట ఎత్తితే రెండు పక్షాల నుంచీ తిట్లు పడతాయని తెలుసు. ఇంగ్లండ్‌లో బెన్సన్ అని పేరు పెట్టుకున్న ఒక ఆడ కార్ప్ ఉండేది. దాదాపు 29 కిలోల చేప. అరవై సార్లకు పైగా గాలానికి చిక్కి, అన్నిసార్లూ నీళ్లలోకి తిరిగి వెళ్లింది. 2009లో చనిపోతే పత్రికలు మనిషి పోయినట్టే రాశాయి. నవ్వొస్తుంది గానీ దాని వెనక శ్రద్ధ ఉంది. చేపను పడుకోబెట్టే తడి పరుపు, వెనకముల్లు లేని గాలం, గాయానికి మందు, తూకం కూడా తడి సంచిలోనే. మన కుర్రాళ్లు రాడ్డు కొన్నారు, అలారం కొన్నారు, ఆ పరుపు మాత్రం కొనలేదు. ఎండకు కాగిన గట్టు రాళ్ల మీద చేపను దొర్లించి, రెండు చేతులతో గుండెకు హత్తుకుని, నాలుగు కోణాల్లో ఫొటో అయ్యాక వదిలితే అది వదలడం కాదు.

వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పావుగంట పోరాడి అలసిన చేప, పైన ఇంకో రెండు నిమిషాలు ఊపిరాడక ఉంటే, ఈదుకుంటూ వెళ్లినట్టే వెళ్లి మర్నాడు తేలుతుంది. బంగారుతీగ మొండి ఘటం, తట్టుకోవచ్చు. బొచ్చెకు అంత తాకిడి పడదు. వదలాలనుకుంటే నీళ్లలోనే గాలం తీసి వదలాలి, ఫొటో లేకుండా. తినాలనుకుంటే ఒక్కటి చాలు, దాన్ని అప్పుడే చంపి సంచిలో వేసుకోవాలి. నడి వేసవిలో వదలడానికని గాలం వేయడం నేను పూర్తిగా మానేశాను. ఆ రెండు నెలలూ సముద్రంలో మర బోట్లకు కూడా 61 రోజుల విరామమే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. నా కర్రకూ అదే వర్తిస్తుందని పెట్టుకున్నాను.

వదిలేయడంలో ఇంకో చిక్కుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ చేప ఎవరిది? బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, పారే నది కావాలి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం సూదితో ఎక్కించి ఈ కార్ప్‌ల చేత చెరువు నీటిలో గుడ్లు పెట్టించగలిగాడు. అందుకే జూలై 10ని జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుతారు. అంతకుముందు నదుల్లో చేపపిల్లను ఏరి తెచ్చి చెరువుల్లో వేసేవారు. ఆ సూది లేకపోతే కొల్లేరు చెరువులూ లేవు, మన చిన్న రిజర్వాయర్లలో ఇన్ని బొచ్చెలూ లేవు. అంటే మనం 'అడవి చేప' అని మురిసిపోయేది చాలావరకు హేచరీలో పుట్టి, మత్స్యశాఖ వదిలితే పెరిగింది. వదిలింది మన వినోదానికి కాదు, ఆ నీటి మీద బతికే మత్స్యకార సంఘాల కోసం. వాళ్లు వల వేసి పట్టుకుని, గట్టు మీదే తూచి అమ్ముకుంటారు. ఇంగ్లండ్ కొలనులో చేప అరవై సార్లు చిక్కుతుంది. ఇక్కడ ఒక్కసారే.

రైవాడ కుర్రాడు ఆ బంగారుతీగను వదిలేశాడు. మర్యాదగానే వదిలాడు, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, రెండు చేతులతో పట్టి, అది తోక ఊపేదాకా ఆగి. అప్పటిదాకా దోనె ఒడ్డుకు లాక్కుంటూ చూస్తున్న సంఘం మనిషి దగ్గరికొచ్చాడు. చేప ఎంత తూగిందో అడిగి, కాసేపు నీళ్లవైపు చూసి, 'ఏ మూల ఒగ్గేసినావో కాస్త సెప్పు బాబూ, రేత్రికి వల అక్కడే ఏస్తాం' అన్నాడు.