చెప్పుల దగ్గరే ఆగిపోయాం

ఫిలిప్పీన్స్ నియంత ఫెర్డినాండ్ మార్కోస్ భార్య ఇమెల్డా మార్కోస్ పేరెత్తితే మనవాళ్ళలో ఎవరైనా అనే మాట ఒక్కటే: "ఆ మూడు వేల జతల చెప్పులావిడేగా!" 1996లో జయలలిత ఇంట్లో సోదాలప్పుడు 750 జతల చెప్పులు బయటపడితే పోలికకి దొరికిన పేరు కూడా ఈవిడదే. నవ్వుకున్నాం, వదిలేశాం. ఫిలిప్పీన్స్‌ని ఇరవై ఏళ్ళు ఏలిన కుటుంబం గురించి మనకు తెలిసింది అంతే.

లారెన్ గ్రీన్‌ఫీల్డ్ 2019లో తీసిన 'ది కింగ్‌మేకర్' డాక్యుమెంటరీ చూశాక నాకు ఒళ్ళు మండింది. సినిమా మీద కాదు. అది చూసి కూడా "పాపం పెద్దావిడ, మొగుడు చేసినదానికి ఈవిడేం చేస్తుంది" అనేవాళ్ళ మీద.

ఏం చేస్తుందా? 1975 నుంచి 1986 దాకా మెట్రో మనీలాకి గవర్నరు. అది చాలదన్నట్టు కేంద్రంలో మంత్రి పదవి. దేశం తరఫున మావో దగ్గరికి, గడాఫీ దగ్గరికి రాయబారాలు. 2018లో అక్కడి అవినీతి కోర్టు ఏడు కేసుల్లో దోషి అని తేల్చింది కూడా ఈవిడనే. మొగుడు 1989లోనే హవాయిలో పోయాడు, ఆయన మీదకి నెట్టడానికి లేదు. గవర్నరుగా ఉంటూ స్విట్జర్లాండ్‌లో ఫౌండేషన్లు నడిపిందని అభియోగం. తీర్పొచ్చిన రాత్రే కూతురి పుట్టినరోజు పార్టీలో దర్జాగా కనిపించింది. బెయిలొచ్చింది, జైలు మొహం చూడలేదు.

గ్రీన్‌ఫీల్డ్ ఆవిడతో ఎక్కడా వాదన పెట్టుకోదు. మాట్లాడనిస్తుంది. కారు అద్దం దించి మురికివాడ పిల్లలకి నోట్లు పంచుతుంటే అలా చూపిస్తూ పోతుంది. ఒకచోట పెద్దపెద్ద నాయకులతో దిగిన ఫోటోలు చూపించబోతే చెయ్యి తగిలి ఫ్రేము కిందపడి పగులుతుంది. ఆవిడ మాట ఆపదు. పనిమనిషి వచ్చి గాజుముక్కలు ఎత్తిపోతుంది. నాకైతే ఆ ఇంటి సంగతి మొత్తం అక్కడే అర్థమైంది.

అసలు ఘనకార్యం కలవిట్ దీవిది. ఫిలిప్పీన్స్‌లోనే, పలావాన్ అనే పెద్ద దీవికి ఉత్తరాన ఉంటుంది. 1970ల్లో కెన్యా నుంచి జిరాఫీలు, జీబ్రాలు ఓడెక్కించి తెచ్చి అక్కడ వదిలారు. వాటికి చోటు కావాలి కదా, అందుకని అక్కడ బతుకుతున్న 250కి పైగా కుటుంబాల్ని ఖాళీ చేయించారు. తాతముత్తాతల నాటి నేల. 1986లో గద్దె పోయి మార్కోసులు దేశం వదిలి పారిపోయారు, జంతువులు ఉండిపోయాయి. వాటి సంతానం ఇప్పటికీ అక్కడే, తమలో తామే జతకడుతూ, రోగాలతో. ఊరు పోగొట్టుకున్నవాళ్ళకి సినిమా ఇంకో పది నిమిషాలు ఇవ్వాల్సింది. జిరాఫీల మెడలు చూడముచ్చటగా ఉంటాయి, కెమెరా కూడా కొంచెం అటే ఒరిగింది.

1972లో మార్కోస్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టాక దాదాపు 70,000 మందిని జైళ్ళలో వేశారని, 34,000 మందిని హింసించారని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ లెక్క. అలా చిత్రహింసలు పడ్డ ఆడవాళ్ళు సినిమాలో గొంతు పెంచకుండా చెప్పుకుపోతారు. ఇమెల్డా దబాయింపు విన్న చెవితోనే అదీ వినాలి. ఆ వెంటనే ఒక బడి. మార్షల్ లా రోజుల్లో దేశం క్రమశిక్షణగా ఉండేదని చెప్పే పిల్లలు. వాళ్ళనేం అంటాం? ఇంట్లో, పుస్తకాల్లో, ఫోన్లో అదే నూరిపోశారు. సినిమా మొత్తంలో నాకు భయం వేసింది అక్కడే, జైలు కథల దగ్గర కూడా కాదు.

ఇమెల్డా కొడుకు బాంగ్‌బాంగ్ 2016లో ఉపాధ్యక్ష పదవికి నిలబడి లెని రొబ్రెడో చేతిలో కొద్ది తేడాతో ఓడిపోయాడు. ఆ ఓటమి ఒప్పుకోకుండా కోర్టుకెక్కాడు. ఆ రోజుల్లోనే తల్లి, కెమెరా ముందు, వాణ్ణి ప్రెసిడెంటుగా చూడాలన్న కోరిక ఏమాత్రం దాచుకోకుండా బయటపెట్టింది. 2022లో ప్రెసిడెంటు ఎన్నికల్లో మూడు కోట్లకు పైగా ఓట్లతో గెలిచాడు. ఈసారి కూడా ఎదురు నిలబడింది లెని రొబ్రెడోనే.