హిస్టమిన్ దొరికింది, ఇక అందరూ నిర్దోషులే

బెంగళూరు తెలుగువాళ్ల నిద్ర ఎవరు ఎత్తుకుపోతున్నారన్న కేసును ఫోన్లో రీల్స్ ఎట్టకేలకు తేల్చేశాయి. ఇన్నాళ్లూ మనం అనవసరంగా పెద్దమనుషులను అనుమానించాం. రాత్రి పదింటికి అమెరికా కాల్ పెట్టే మేనేజరు, ఫ్లాటు మీద ఇరవై ఏళ్ల ఈఎంఐ, తెల్లవారుజామున మూడింటికి రివర్స్ హారన్ మోగించుకుంటూ సెల్లారులోకి వచ్చే నీళ్ల ట్యాంకరు, అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనులు, దిండు పక్కన వెలుగుతూనే ఉండే ఫోను, అందరూ నిర్దోషులుగా విడుదలయ్యారు. అసలు దొంగ పేరు హిస్టమిన్, అలర్జీ వస్తే తుమ్ములూ దురదా పుట్టించే పదార్థం. కాపురం మన ఒంట్లోనే. లాయరును పెట్టుకోదు, హెచ్ఆర్‌కి ఫిర్యాదు చెయ్యదు, ఎన్ని మాటలన్నా తిరిగి మాట్లాడదు. ఇంతకంటే అనువైన ముద్దాయి ఎక్కడ దొరుకుతాడు?

ఈ తీర్పును ఎగతాళి చెయ్యడం నా ఉద్దేశం కాదు. వెనక గట్టి సైన్సే ఉంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట ఒక చిన్న నాడీకణాల గుంపు ఉంటుంది. అవి హిస్టమిన్ వదులుతుంటే మనకు మెలకువ. నిద్రలోకి జారుకున్నాక అవీ దాదాపుగా పని ఆపేస్తాయి. 1910 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ డేల్ బృందం ఈ పదార్థం ఒంట్లో చేసే చేష్టలను వరసగా పరిశీలించింది. దాన్ని అడ్డుకునే మందులకు దారి తీసిన డానియెల్ బోవేకి 1957లో నోబెల్ వచ్చింది. ఆ పాతరకం మందులు మెదడులోకి కూడా దూరి అక్కడి హిస్టమిన్‌ని పని చెయ్యనివ్వవు. తుమ్ములకని ఒక అవిల్ వేసుకున్నవాడు మధ్యాహ్నం మీటింగులో కునికిపాట్లు పడేది అందుకే. ఇచ్చిన డ్యూటీ ఎగ్గొట్టకుండా, హైక్ అడగకుండా మనల్ని మేల్కొలిపి ఉంచుతున్న ఉద్యోగిని పట్టుకుని దొంగ అంటున్నామన్నమాట. పోనివ్వండి, ఈ ఊళ్లో పనిచేసేవాడికి ఎప్పుడూ అంతే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కేసు మెదడు నుంచి వంటింటికి బదిలీ అయింది. పులిసిన పదార్థాల్లో హిస్టమిన్ ఉంటుంది కాబట్టి, సాయంత్రం తిన్న దోసె తిన్నగా మెదడుకెక్కి మూడింటికి తట్టి లేపుతోందని ఇప్పుడు ఫోన్లో రీల్స్ చెబుతున్నాయి. మెదడు తనకు కావలసిన హిస్టమిన్‌ని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తానే చేసుకుంటుంది. తిండిలోని హిస్టమిన్‌కు రక్తం నుంచి మెదడులోకి దారి దాదాపుగా లేదు. ఆ కాపలా దాటడం కంటే సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు జంక్షన్ దాటడం తేలిక. ఒంటికి తిండి హిస్టమిన్ పడనివాళ్లు కొందరు నిజంగానే ఉంటారు. వాళ్లకు మొహం ఎర్రబడుతుంది, ముక్కు కారుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపు పాడవుతుంది. ఆ గోలలో నిద్ర చెడదా అంటే చెడుతుంది. కానీ ఇంత వివరం ఒక రీల్లో పట్టదు.

మా తోడల్లుడు కాడుబీసనహళ్లిలో ఉంటాడు. సాఫ్ట్‌వేరు. అతనికి మూడింటికి మెలకువ వస్తోంది. ఫ్రిజ్ మీద తిరుపతి కొండ మ్యాగ్నెట్ కింద ఒక చార్టు పెట్టాడు. ఎర్ర సిరాలో ఇడ్లీ, దోసె, పెరుగు, టమాటా, వంకాయ, పాలకూర, ఊరగాయలు. పచ్చ సిరాలో సొరకాయ, బీరకాయ, అన్నం. చీరాల నుంచి వచ్చిన మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి కింద దాకా వేలు పెట్టి చదివారు.

"ఏం బాబూ, ఇది మనం తినేవాటి లిస్టా, మానేసేవాటి లిస్టా?"

"ఎర్రవి మానేసేవి అత్తయ్యగారూ."

"అయితే పచ్చవి పథ్యం. మరి తినేవెక్కడ రాశారు?"

అతను నా వైపు చూసి, "వీళ్లకి సైన్సు చెప్పడం కష్టం అన్నయ్యా" అన్నాడు. నాకైతే ఆవిడ ప్రశ్నలో లోపమేమీ కనిపించలేదు.

ఇంత పకడ్బందీ చార్టులో చేపలు మాత్రం పచ్చ సిరాలో ఉన్నాయి. ప్రొటీనట, ఒమేగా త్రీ అట. హిస్టమిన్ గురించి ఎవరికైనా నిజంగా భయపడాలని ఉంటే మొదట భయపడాల్సింది అక్కడ. కానాగంతలు, కవళ్లు, సూర, వీటి కండలో హిస్టిడిన్ దండిగా ఉంటుంది. పట్టిన చేపను వెంటనే ఐసులో పెట్టకపోతే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఒకసారి తయారయ్యాక ఎంత ఉడకబెట్టినా పోదు, చింతపండు పులుసులో ముంచినా పోదు. తిన్న గంటలోపే మొహం మంటెత్తడం, దురద, తలనొప్పి మొదలవుతాయి. ఈ ఊళ్లో సముద్రం లేదు. మంగళూరు నుంచో చెన్నై నుంచో లారీలో వచ్చిన సరుకు, మిట్టమధ్యాహ్నం తోపుడుబండి మీద ఎంతసేపుందో అమ్మేవాడికే తెలియాలి. మనవాడు ఆదివారం ఆ బండి దగ్గరే కానాగంతలు తీసుకుంటాడు. పులుసు మర్నాటికే రుచి కాబట్టి రాత్రంతా పొయ్యి మీదే ఉంచుతాడు. మర్నాడు ఇడ్లీ మానేసి ఆ పులుసన్నం తింటాడు. హిస్టమిన్‌కు చెయ్యెత్తి మొక్కాలనిపించేది ఇలాంటప్పుడే.

బీరైతే చార్టులోనే లేదు. అడిగితే, అది బార్లీ కదా, ధాన్యం అన్నాడు. బీరు పులిసిందే, ఇడ్లీ పిండి కంటే తీరిగ్గా. పైగా తిండిలోని హిస్టమిన్‌ని పేగుల్లో విరగ్గొట్టే డయమిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఆల్కహాలు అడ్డుకుంటుంది. శుక్రవారం ఇందిరానగర్ నుంచి పన్నెండింటికి ఇల్లు చేరి, మూడింటికి మెలకువ వస్తే దానికి హిస్టమిన్ సాయం కూడా అక్కర్లేదు. మందు మొదట నిద్రపుచ్చి, దాని ప్రభావం దిగుతున్నకొద్దీ నిద్రను ముక్కలు చేస్తుంది. అయినా గురువారం తిన్న పెరుగన్నమే ముద్దాయి.

ఇక ప్రకృతి వైద్యం. ఈ అధ్యాయాన్ని కాస్త భక్తితో చదవాలి, ఎందుకంటే ఇది కార్తీక మాసంలో జరిగింది. ఆ నెల వాళ్లింట్లో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. పొద్దున్నే దీపం, సోమవారం ఉపవాసం. అదే నెలలో అతను ఉల్లిపాయల్లో బాగా ఉండే క్వెర్సెటిన్‌ని మాత్రల రూపంలో మొదలుపెట్టాడు. ఉల్లి తినకూడదు కానీ ఉల్లిసారం మింగొచ్చని ఏ శాస్త్రంలో ఉందో పంతులుగారిని అడగాలి. క్వెర్సెటిన్ గాజుపాత్రలో కణాలను హిస్టమిన్ వదలకుండా ఆపుతుందనేది నిజమే. మనిషికి అదే నిద్ర తెప్పిస్తుందని చెప్పడానికి మాత్రం గట్టి రుజువులు లేవు.

దాంతోపాటు బయటి దేశం నుంచి తెప్పించిన డయమిన్ ఆక్సిడేజ్ ఎంజైము డబ్బా. ముందువైపు పచ్చటి ఆకు బొమ్మ, 'నేచురల్' అని పెద్ద అక్షరాలు. సోమవారం దీపం పెట్టి, ఉపవాసం విరమించే ముందు ఒకటి వేసుకోబోతుంటే మా అత్తగారు డబ్బా అందుకుని మనవరాలి చేతికిచ్చారు. ఎనిమిదో తరగతి పిల్ల. వెనకవైపు చిన్న అక్షరాలు గట్టిగా చదివింది: పోర్సైన్ కిడ్నీ ఎక్స్‌ట్రాక్ట్.

"అంటే?"

"పంది కిడ్నీ అమ్మమ్మా."

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. సాంబ్రాణి మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ ఎంజైము సప్లిమెంట్లు చాలావరకు అలాగే తయారవుతాయి, అందులో మోసమేమీ లేదు. పందీ ప్రకృతిలోదే కదా, నేచురల్ అన్న మాట అబద్ధం కాదు. బఠానీ మొలకల నుంచి తీసినవీ వస్తున్నాయి. అవి కార్తీకానికి పనికొస్తాయి.

ఆ రాత్రి అత్తగారు తన వైద్యం తాను చేశారు. జాజికాయను సాన మీద రెండు తిప్పులు తిప్పి, ఆ కాస్త గంధం గోరువెచ్చటి పాలల్లో కలిపి ఇచ్చారు. దానికీ గట్టి రుజువులేమీ లేవు. కాకపోతే ఆవిడ చిటికెడుతో ఆగిపోయారు. మనవాడు కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములో వెతికి డోసు పెంచబోతుంటే చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చింది. జాజికాయ చెంచాల లెక్కన పడితే వాంతులు, భ్రాంతులు, ఆపైన ఆస్పత్రి. మూలికలకు ఎంఆర్పీ ఉంటుంది కానీ హద్దు ఉండదని చాలామంది నమ్మకం.

అసలు హిస్టమిన్‌ని రేపేది పరుపులో ఉంది. మాటవరసకు అంటున్నది కాదు. పరుపులో, దిండులో మన ఒంటి పొట్టు తిని బతికే కంటికి కనిపించని డస్ట్ మైట్లు ఉంటాయి. పడనివాళ్లకు ముక్కులోని కణాలు హిస్టమిన్ కుమ్మరిస్తాయి, పడుకోగానే ముక్కు దిబ్బడేస్తుంది, నోటితో గాలి పీలుస్తూ గంటకోసారి లేస్తారు. దుప్పట్లు, గలేబులు వారానికోసారి అరవై డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. ఈ నివారణకు రీల్ చేసేవాడు లేడు, వేడినీళ్ల మీద కమీషన్ రాదు కాబట్టి. తోడల్లుడి ఇంట్లో వాషింగ్ మెషీన్‌కు ఆ సెట్టింగు ఉంది. కొన్నప్పటి స్టిక్కరు దాని మీద ఇంకా అలాగే ఉంది.

బాల్కనీలోంచి చూస్తే పక్కనే ఖాళీ సైటు. నిండా వయ్యారిభామ, తెల్లటి పూలతో. ఇక్కడివాళ్లు కాంగ్రెస్ గిడ అంటారు. దీని పుప్పొడితో తుమ్ములు, తాకితే దద్దుర్లు. దాన్ని తినడానికి 1984లో మెక్సికో జాతి పెంకుపురుగును ఈ బెంగళూరులోనే వదిలారు. పాపం అది వానాకాలమంతా కష్టపడి తింటూనే ఉంది. ఒక రాత్రంతా ముక్కు పట్టుకుని కూర్చున్న మనిషి ఆ మొక్కను చూస్తూ, "పెరుగు మానేసినా తగ్గలేదు అన్నయ్యా" అన్నాడు.

తిండి పడుతోందో లేదో తేల్చడానికి డాక్టర్లు చెప్పే పద్ధతి ఒకటుంది. కొన్ని వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తిని చూడాలి. రక్తంలో ఎంజైము ఎంతుందో చూసినంత మాత్రాన ఏదీ తేలదు. మనవాళ్లు మొదటి సగంలోనే స్థిరపడిపోతారు. ఇక రాత్రికో అలర్జీ మాత్ర వేసుకుని పడుకునే వర్గం ఉంది. నిద్రలేమికి డైఫెన్‌హైడ్రమిన్ అనే పాతరకం అలర్జీ మందు వాడొద్దని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లోనే చెప్పింది. పెద్దవాళ్లలో ఈ పాతరకం మాత్రలు మతిమరుపు, తూలిపడటం, మూత్రం ఆగడం దాకా తీసుకెళ్తాయి. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదటి చికిత్స మందులు కాదు, అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే థెరపీ అని అక్కడి ఫిజీషియన్ల కాలేజీ 2016లో రాసింది. రోజూ ఒకే వేళకు లేవడం, పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టకపోవడం, నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవడం. ఇంతకంటే నేచురల్ వైద్యం ఇంకొకటి లేదు. కానీ దీన్ని ఒప్పుకుంటే మేనేజరునూ ఫోనునూ మళ్లీ బోనులోకి పిలవాలి. హిస్టమిన్‌తో ఆ ఇబ్బంది లేదు.

మొత్తానికి నా పోరు పడలేక తోడల్లుడు అపార్ట్‌మెంట్ సంఘానికి మెయిల్ రాశాడు, నివాసుల నిద్రకోసం పక్క సైటులో వయ్యారిభామ పీకించాలని. సంఘం చాలా సీరియస్‌గా తీసుకుంది. అందరి కాల్స్ అయ్యాక కానీ కోరం రాదని మీటింగు బుధవారం రాత్రి పదకొండింటికి పెట్టింది. క్లబ్‌హౌస్‌లో ఫిల్టర్ కాఫీ ఏర్పాటు ఉంది.