శాలువా కప్పిన కామిక్స్

ఈసారి అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పులిహోర బాగుంది. పంచాంగ శ్రవణం ఎప్పట్లాగే మైకు మొరాయించి సగమే వినబడింది, దాతల సన్మానం ఎప్పట్లాగే సాగుతూనే ఉంది. వీటి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆ సన్మానానికి తెచ్చిన శాలువాల్లో ఒకదాన్ని తీసుకెళ్లి ఎక్కడ కప్పారో, దాని మీదే నా బాధంతా.

పిల్లల్ని కెఫెటేరియాలో సొంత స్టాళ్లు పెట్టుకోనిచ్చారు కదా, ఆ ఆలోచన ఎవరిదో గానీ వాళ్లకి దండం పెట్టాలి. బ్రేస్‌లెట్లు, మెహందీ, స్లైమ్, ఒక పాప అయితే తను రాసిన కవితలే జిరాక్సు తీసి పెట్టింది. మావాడు కామిక్స్ పెట్టాడు. అమ్మడానికి కాదు, మార్చుకోవడానికి. ఎడమ పక్క సూపర్‌హీరోలు, కుడి పక్క పెట్టెలో హారర్. ఆ పెట్టెకి "పదమూడేళ్లు దాటినవాళ్లకే, చిన్నపిల్లలు అమ్మానాన్నలతో రావాలి" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చీటీ అంటించాడు. తెలుగు చీటీలో ఒక ఒత్తు ఎగిరిపోయింది, మన సంఘం నడిపే బడిలోనే నేర్చుకున్నాడు మరి.

కమిటీలో పెద్దాయన ఒకరు అటుగా వచ్చి, "పండగపూట ఈ దెయ్యాలూ శవాలూ ఏంటి నాన్నా, శుభమా అని కొత్త సంవత్సరం" అని, చేతిలో ఉన్న శాలువా ఒకటి మడత విప్పి పెట్టె మీద కప్పేసి వెళ్లిపోయారు. మావాడు "ఓకే అంకుల్" అన్నాడు. ఇంకేమంటాడు, పెద్దవాళ్లకి ఎదురు చెప్పొద్దని మనమే కదా నేర్పాం.

అదే సమయంలో పక్క ఆడిటోరియంలో దశావతారాల డాన్స్ నడుస్తోంది. స్తంభం పగిలింది, నరసింహస్వామి వచ్చాడు, హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో వేసుకుని పొట్టలోంచి ఎర్ర శాటిన్ రిబ్బను బారలకొద్దీ లాగి మెడలో వేసుకున్నాడు. హాలంతా ఈలలు. ముందు వరసలో నాలుగేళ్ల బుడతలు, వాళ్ల వెనక ఫోన్లు పైకెత్తిన మనం. నేనూ చప్పట్లు కొట్టాను, ఆ పాప అద్భుతంగా చేసింది.

భోజనాల లైన్లో ఆ పెద్దాయన్నే అడిగాను. "అది పురాణం కదమ్మా, ఇవి పిచ్చి బొమ్మలు" అన్నారు. మీరు ఒక్కటైనా చదివారా అండీ అంటే, "చదవక్కర్లేదమ్మా, అట్ట చూస్తే తెలియట్లా?" అన్నారు.

కమిటీని ఆడిపోసుకోవడానికి ఇది రాయట్లేదు. వారాంతాలు ధారపోసి పనిచేసేవాళ్లని ఒక మాట అనడం తేలికే. కానీ ఆ "అట్ట చూస్తే తెలియట్లా" మాత్రం నాకు గుచ్చుకుంది, ఎందుకంటే ఈ దేశంలో ఆ మాట ఒకసారి ఇదివరకే అన్నారు, దాని ఫలితమూ చూశారు.

1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగంటన్‌లో కామిక్ పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు. 1954లో సెనెట్ సబ్‌కమిటీ విచారణ పెట్టింది, పిల్లలు చెడిపోవడానికి కామిక్సే కారణమని. సెనెటర్ కీఫావర్ ఒక పుస్తకం అట్ట పైకెత్తి చూపించాడు, ఒక చేతిలో గొడ్డలి, రెండో చేతిలో ఆడమనిషి తల. ఈసీ కామిక్స్ యజమాని విలియం గెయిన్స్‌ని ఇది మంచి అభిరుచేనా అని అడిగితే, హారర్ పుస్తకం అట్టకి అవుననే అన్నాడు, పాపం ఆ జవాబుతోనే మునిగాడు. ఆ ఏడే చాలా కంపెనీలు కలిసి కామిక్స్ కోడ్ అని కట్టుబాట్లు రాసుకున్నాయి: పేరులో హారర్ అనే మాట ఉండకూడదు, రక్తం తాగే పిశాచాలు ఉండకూడదు, లేచి తిరిగే శవాలు ఉండకూడదు. మన బేతాళుడైతే ఆ కోడ్ గడప కూడా తొక్కలేడు. 1971లో కాస్త సడలించారు, 2011కి ఆఖరి కంపెనీలు కూడా దాన్ని వదిలేశాయి. ఈసీ పేరుతో 2024లో ఓనీ ప్రెస్ వాళ్లు మళ్లీ కొత్త హారర్ కథలు మొదలుపెట్టారు. శాలువా కింద పడ్డవాటిలో అవీ ఉన్నాయి.

మావాడి బుధవారాల గురించి కొంచెం చెప్పనివ్వండి. కొత్త కామిక్స్ వచ్చేది బుధవారం. (బాట్‌మన్ పుస్తకాలు వేసే డీసీ వాళ్లు 2020లో మంగళవారానికి మారి అందర్నీ తికమకపెట్టి, 2024లో మళ్లీ బుధవారానికే వచ్చారు.) స్కూలు నుంచి నేరుగా కొట్టుకి తీసుకెళ్లాలి, నా మీటింగు కారులోంచే. కొట్టంటే పెద్దదేం కాదు, నెయిల్ సెలూన్‌కీ పిజ్జా షాపుకీ మధ్య ఇరుకు గది, ఒక గోడంతా ఆ వారం పుస్తకాలు. కౌంటర్ వెనక ఫైలు డ్రాయర్లో మావాడి పేరుతో ఒక అర. వాడు ముందే చెప్పి పెట్టుకున్నవి అందులో వేసి ఉంచుతారు, పుల్ లిస్ట్ అంటారు దాన్ని. తెచ్చుకున్నవి కారులోనే కవర్లో వేస్తాడు: వెనక అట్టముక్క పెట్టి, ప్లాస్టిక్ సంచిలోకి జార్చి, టేపు అంటించి, ఆ టేపు కొస చిన్నగా మడుస్తాడు. ఎందుకురా ఆ మడత అంటే, రేపు తీసేటప్పుడు టేపు సాగి పుస్తకం అట్టకి అంటుకుంటే చిరుగుతుందట. ఆ చేత్తోనే వాడు తువ్వాలు మంచం మీద పారేస్తాడు, నాకు తెలీదనుకోకండి.

ఇంటికొచ్చేదాకా కథలు చెబుతాడు. బాట్‌మన్ గురించి నాకు తెలిసిందల్లా బోలెడు డబ్బున్నవాడని. 2024 అక్టోబరులో మొదలైన కొత్త దాంట్లో వాడికి డబ్బే లేదట, భవంతీ లేదు, ఇంజినీరు ఉద్యోగం చేసుకునే మామూలు మనిషి, తండ్రి స్కూలు టీచరు. మన ఇళ్లలో కథలా లేదూ! అదే వరసలో వచ్చిన వండర్ ఉమన్ అయితే నరకంలో పెరుగుతుంది, ఒక మంత్రగత్తె ఆమెని కూతురిలా పెంచుతుంది. ఇది సూపర్‌హీరో పుస్తకమా హారర్ పుస్తకమా? ఎడమ పెట్టె, కుడి పెట్టె అని విడదీయడం మావాడికే కష్టమైంది, మన పెద్దాయనకి మాత్రం ఒక్క చూపుతో తేలిపోయింది.

ఇంకో సంగతి. మావాడు చిన్నగా ఉన్నప్పుడు 2019లో మొదలైన "సమ్‌థింగ్ ఈజ్ కిల్లింగ్ ద చిల్డ్రన్" అనే హారర్ కామిక్ అడిగితే కొట్టాయన ఇవ్వలేదు. "ఇంకో రెండేళ్లాగు, అప్పుడూ మీ అమ్మ సరేనంటేనే" అన్నాడు. అమ్ముకునేవాడు బేరం వద్దనుకుని వయసు అడిగాడు. మన ప్రీమియర్ షోలకి అర్ధరాత్రి దాకా పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, తెర మీద తలలు తెగిపడుతుంటే కాగితాలు ఎగరేసే మనల్ని వయసు ఎవరడిగారు? ఆ టికెట్టు డబ్బుతో నాలుగైదు కామిక్స్ వస్తాయి.

మన భయాలు మనకి లేవా అంటే, మా ఇంట్లో చందమామ వచ్చేది. అందులో శంకర్ గారు వేసిన విక్రమార్కుడు, ఒక చేత కత్తి, భుజాన శవం, కింద పుర్రెలు. రాత్రి బాత్రూముకి వెళ్లాలంటే అన్నయ్యని లేపేదాన్ని, పొద్దున లేచి మళ్లీ ఆ పేజీయే తీసేదాన్ని. వారపత్రికల్లో చేతబడి సీరియల్ వస్తుంటే అమ్మ పొయ్యి మీద పాలు పొంగించుకుని మరీ చదివేది, నాన్న ఆ పేజీలు చింపి బైండింగ్ చేయించేవారు. ఎవరూ చెడిపోలేదు. మా వీధిలో ఒక్కళ్ల మీద కూడా చేతబడి జరగలేదు.

అవతలి పక్షం మాట కూడా కొట్టిపారేయను. హారర్ కామిక్స్‌లో కొన్ని నిజంగానే పెద్దవాళ్లకి మాత్రమే, నేనే సగంలో మూసేసినవి ఉన్నాయి. ఒకే కథకి పది రకాల అట్టలు వేసి పిల్లల చేత కొనిపించడం నాకు నచ్చదు. పాతిక కాపీలు తెప్పించిన కొట్టుకే ఒకటిచ్చే అరుదైన అట్ట అంటూ రేటు పెంచే వ్యాపారం ఇంకా నచ్చదు. పండగలో చిన్నపిల్లలు తిరుగుతుంటారు, జాగ్రత్త ఉండాల్సిందే. పదమూడేళ్ల చీటీ చాలదంటే పదిహేను రాయించండి, టేబుల్ దగ్గర ఒక పెద్దవాళ్లని కూర్చోబెట్టండి, నేను కూర్చుంటాను. వీటిలో ఏదీ శాలువా కప్పాల్సిన సంగతి మాత్రం కాదు.

ఒకసారి అదే కొట్టాయన నా చేతిలో ఒక పుస్తకం పెట్టాడు. "ఇది నీకు నాకంటే బాగా తెలుస్తుంది" అన్నాడు. "దీజ్ సావేజ్ షోర్స్", 2018లో మొదలైంది. రాసింది రామ్ వి, బొమ్మలు సుమిత్ కుమార్, అక్షరాలు ఆదిత్య బిదీకర్, ముగ్గురూ మన ఇండియా వాళ్లే. 1766లో ఈస్టిండియా కంపెనీ ఓడలో ఇంగ్లండు రక్తపిశాచి ఒకడు మలబారు తీరానికి దిగుతాడు, ఇక్కడ వాడికంటే పాతవాడు ఒకడు కాచుకుని ఉంటాడు. రాత్రికి రాత్రే చదివేశాను. ఇలాంటిది రాయగలిగినవాళ్లు మన బడిలో అక్షరాలు దిద్దుతున్న పిల్లల్లో ఉండరని ఎవరైనా రాసివ్వగలరా?

అందుకే అడుగుతున్నాను. దసరాకి పిల్లల స్టాళ్లు మళ్లీ పెట్టండి, కామిక్స్ టేబుల్ ఉంచండి. తెలుగు బడిలో ఈ సెమిస్టరు ప్రాజెక్టుగా వ్యాసం బదులు ఒక్క బేతాళ కథని నాలుగు పేజీల కామిక్‌గా వేయమనండి, బుడగల్లో మాటలు తెలుగులో. ఏ అభ్యంతరం ఉన్నా పిల్లాడిని కూర్చోబెట్టి రెండు పేజీలు చదివించుకుని, అప్పుడు చెప్పండి. వాళ్లకి మన ప్రశ్నలంటే భయం లేదు, మనం అడగకుండా కప్పేస్తేనే ముభావంగా అయిపోతారు. మావాడు ఆ తర్వాత సంఘం వాలంటీర్ల గ్రూపులోంచి చెప్పకుండా తప్పుకున్నాడు.

కామిక్స్ కొట్లకి కూడా ఇది మంచి కాలం కాదు. అమ్ముడుపోని పుస్తకం మామూలుగా వెనక్కి తీసుకోరు, ఆర్డరు కొన్ని వారాల ముందే పెట్టేయాలి, పైగా పెద్ద పంపిణీదారు డైమండ్ 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేశాక చిన్న కంపెనీల పుస్తకాలకి తిప్పలు మొదలయ్యాయి. మన పిల్లల పేర్లు ఓ పది ఆ పుల్ లిస్ట్ డ్రాయర్లో చేరితే మా కొట్టాయనకి ధీమా.

మే మొదటి శనివారం కొట్లలో కామిక్స్ ఊరికే పంచే రోజు, ఫ్రీ కామిక్ బుక్ డే అని 2002లో మొదలైంది. మన వాలీబాల్ టోర్నమెంటు కూడా ఆ రోజే పెడుతున్నారు. ఈసారికి దాన్ని ఆదివారానికి జరపమని కార్యవర్గానికి నా విన్నపం. ఆ శనివారం పిల్లలకి పుస్తకాలు ఊరికే ఇస్తారు, కానీ కొట్టాయన వాటిని డబ్బు పెట్టే తెప్పించుకుంటాడు, కాబట్టి ఊరికే ఇచ్చినవి తీసుకున్నాక ఇంకొకటి కొని రండి.