పంది కదా అని ఏ తూటా అయినా సరిపోదు

టెక్సాస్‌లో జింకకు సీజను ఉంది, కొట్టిన జింకకు కట్టాల్సిన ట్యాగు ఉంది, మనిషికి ఇన్నేనన్న హద్దు ఉంది. అడవి పందికి ఇవేవీ లేవు. ఏడాది పొడవునా, పగలైనా రాత్రైనా, ఎన్నింటినైనా కొట్టవచ్చు. హెలికాప్టర్‌లో సీటు అద్దెకు తీసుకుని పైనుంచి కాల్చడానికి 2011లో చట్టమే వీలు కల్పించింది. 2017లో వేడిగాలి బెలూన్‌ను కూడా ఆ జాబితాలో చేర్చారు. బెలూన్ ఎక్కి పందిని కొట్టిన మహానుభావుడిని నేనింతవరకు చూడలేదు గాని, చట్టం మాత్రం సిద్ధంగా ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే వేట లైసెన్సు కూడా అడగడం లేదు.

ఇంత ధారాళంగా తలుపులు తెరిచేసరికి, తూటా ఎంచుకోవడంలోనూ అదే నిర్లక్ష్యం వచ్చింది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు వారాంతాల్లో ర్యాంచ్‌లకు వెళ్ళడం ఈ మధ్య బాగా పెరిగింది. వెళ్ళే ముందు ఏ రైఫిల్, గురి చూసే దుర్భిణి అంటే స్కోప్ ఏది అని గంటలకొద్దీ చర్చించుకుంటారు. తూటా మాట వచ్చేసరికి మాత్రం “పందే కదా, ఏదైతే ఏమిటి” అంటారు. ఆ మాట మీదే నా అభ్యంతరం.

పందుల మీద నాకు జాలి పొంగిపొర్లుతోందని అనుకోవద్దు. మాది వేరుశనగ పండించిన కుటుంబం. చేలో పందులు ఒక్క రాత్రి పడితే తెల్లారేసరికి ఏం మిగులుతుందో, పొలం చుట్టూ పాత చీరలు కట్టి మంచె మీద డబ్బా కొడుతూ మేలుకోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం. ఇక్కడి పంది చేసే నష్టం కూడా తక్కువేమీ కాదు. 1539లో స్పెయిన్ దేశస్థుడు డి సోటో ఫ్లోరిడా తీరంలో దింపిన పందులు, తర్వాత వలసదారుల దొడ్ల నుంచి తప్పించుకున్నవి, 1930లలో వేట సరదా కోసం ప్రత్యేకంగా తెప్పించిన యూరేషియా అడవి పందులు, అన్నీ కలిసిపోయి ఈ జాతి తయారైంది. టెక్సాస్‌లోని 254 కౌంటీలలో ఇవి లేని చోటు వెతకడం కష్టం. అంటే ఇది స్థానిక వన్యప్రాణి కాదు, మనిషే తెచ్చిపెట్టుకున్న బెడద.

అయితే ఈ బెడదను మన తుపాకులు తగ్గిస్తాయా అంటే, తగ్గించవు. సంఖ్య పెరగకుండా నిలవాలంటేనే ఏటా మూడింట రెండు వంతుల పందులను తొలగించాలన్నది టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు వ్యవసాయ విస్తరణ విభాగం చాలాకాలంగా చెబుతున్న లెక్క. ఆడ పంది ఏడాది నిండకముందే ఈనగలదు, ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. వారాంతంలో మనం కొట్టే రెండు మూడు ఈ లెక్కలో ఏ మూలకూ రావు. పైగా ఒక్కటి పడగానే మిగతా గుంపు చెల్లాచెదురై పక్క పొలాలకు పోతుంది. మిజోరి రాష్ట్రం 2016లో తన పరిరక్షణ శాఖ భూముల్లో పంది వేటను నిషేధించింది ఇందుకే. గుంపు మొత్తాన్ని పెద్ద ఇనుప కంచె బోనులోకి మొక్కజొన్నతో అలవాటు చేసి, అన్నీ లోపలికి వచ్చాక తలుపు దించడమే పనికొచ్చే పద్ధతి.

కాబట్టి రైతును ఉద్ధరించడానికి వెళ్తున్నామన్న మాట పక్కన పెడదాం. మనం వెళ్ళేది వేటకు, ఆ తర్వాత మాంసానికి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ సరదాకే వెళ్తున్నప్పుడు, ఆ జంతువు ఒక్క దెబ్బకు పడేలా చూడటం మన పూచీ. దానికి బెడద అని పేరున్నంత మాత్రాన నొప్పి తగ్గదు.

జింకను కొట్టి అలవాటైనవారు పందిని గురి చూసేటప్పుడు తరచూ కాస్త ఎత్తుకు, కాస్త వెనక్కు కాలుస్తారు. పంది గుండె, ఊపిరితిత్తులు శరీరంలో బాగా కిందికి, ముందుకాళ్ళ మధ్యకు ఉంటాయి. పక్కనుంచి చూస్తే ముందుకాలి గీత వెంబడి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతులో తగలాలి. వెనక్కు తగిలితే దెబ్బ పొట్టలో పడుతుంది. అలా తగిలిన పంది పరుగెత్తి మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్ పొదల్లో దూరుతుంది. దాని కొవ్వు గాయాన్ని మూసేస్తుంది కనుక నెత్తుటి జాడ కూడా సరిగా దొరకదు. చీకట్లో, టార్చి వెలుగులో, కోరలున్న గాయపడ్డ మగ పందిని ముళ్ళపొదల్లో వెతకడం ఎవరికీ సరదా కాదు.

మగ పందికి జబ్బల మీద కవచం ఉంటుందని, దానికి తగిలిన తూటా వెనక్కి ఎగిరివస్తుందని కథలు చెబుతారు. వయసు మళ్ళిన మగ పందులకు అక్కడ చర్మం, కింది పొర మందంగా గట్టిపడటం నిజమే. తూటా వెనక్కి రావడం మాత్రం ర్యాంచ్ వరండా కబురు. గట్టి బుల్లెట్ దాన్ని దాటుకుని పోతుంది. పల్చని బుల్లెట్‌తోనే చిక్కు.

ఇక్కడే అసలు విషయం ఉంది. తూటా చివర ఉండే బుల్లెట్ నిర్మాణం చూడకుండా క్యాలిబర్ (బుల్లెట్ లావును బట్టి తూటాకు చెప్పే కొలత) గురించి వాదించుకోవడం దండగ. రేంజిలో సాధనకు వాడే చవక రకం ఫుల్ మెటల్ జాకెట్, అంటే పెట్టె మీద ఎఫ్‌ఎంజే అని ఉండేది. అది వేటకు పనికిరాదు. తగిలాక విచ్చుకోకుండా దబ్బనం గుచ్చినట్టు సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది. అవతల ఇంకో పంది ఉండవచ్చు, ర్యాంచ్ యజమాని పశువులు ఉండవచ్చు. దీనికి సరిగ్గా ఎదురుకొసన ఉన్నది ప్రెయిరీ డాగ్ వంటి చిన్న జంతువుల కోసం చేసిన వార్మింట్ బుల్లెట్. అది తగిలీ తగలగానే ముక్కలైపోతుంది, పంది జబ్బ దాటి లోపలికి చేరదు. కావలసింది ఈ రెండింటి నడుమ రకం: విచ్చుకోవాలి, కానీ చెదిరిపోకుండా లోతుకు దిగాలి. మొన దగ్గర మెత్తటి సీసం బయటికి ఉండే సాఫ్ట్ పాయింట్, సీసాన్ని రాగి తొడుగుకు అతికించిన బాండెడ్ రకం, పూర్తిగా రాగితోనే చేసినది, ఈ మూడింటిలో ఏదైనా మంచిదే.

ఇక క్యాలిబర్. మనవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉన్నది ఏఆర్-15 రైఫిల్, దానికి .223 తూటా. మామూలు 55 గ్రెయిన్ల బుల్లెట్ అంటే మూడున్నర గ్రాముల పైచిలుకు. బారెల్ దాటేటప్పుడు దాని శక్తి, తూటా దెబ్బ బలాన్ని కొలిచే ఫుట్-పౌండ్లలో, సుమారు 1,280. .308 వించెస్టర్‌లో 150 గ్రెయిన్ల బుల్లెట్ బరువు దాదాపు పది గ్రాములు, శక్తి 2,650 దాకా. రెట్టింపు కంటే ఎక్కువ. .223తో పందులు చావవని నేననను, రోజూ చస్తూనే ఉన్నాయి. బాండెడ్ బుల్లెట్‌తో, వంద గజాల లోపల, నిలకడగా పక్కకు తిరిగి నిలబడిన పందికి అది చాలు. కానీ కొత్తగా వెళ్ళేవారికి పంది అలా నిలబడి సహకరించదు. గురి రెండు అంగుళాలు తప్పినా, పంది కాస్త వాలుగా తిరిగి ఉన్నా, ఎముక దాటి లోపలికి చేరే సత్తా బరువైన బుల్లెట్‌కే ఉంటుంది.

అందుకే నన్నడిగితే మొదటి రైఫిల్‌గా .308 తీసుకోండి, 150 లేదా 165 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్‌తో. ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతుంది, రకాలు బోలెడు. 6.5 క్రీడ్‌మూర్ తూటా మీద మోజుంటే అదీ మంచిదే, తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ భుజానికి కొట్టే దెబ్బ) తక్కువ. ఇంకా తేలికగా ఉండాలనుకునేవారికి .243లో 95–100 గ్రెయిన్ల వేట బుల్లెట్ నిక్షేపంగా పనిచేస్తుంది. 1895లో వచ్చిన .30-30 తూటా మీద, లీవరు కిందికి లాగి దాన్ని ఎక్కించే రైఫిల్ మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది. 170 గ్రెయిన్ల మొద్దుమూతి బుల్లెట్‌తో, నూటయాభై గజాల లోపు పొదల్లో, పందికి దాన్ని మించినది కావాలని నాకెప్పుడూ అనిపించలేదు. .45-70, .450 బుష్‌మాస్టర్ వంటి లావు తూటాలు కొనేవారు ఎక్కువగా పందికి భయపడి కొంటారు. తర్వాత వాటి తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటారు.

.300 బ్లాకౌట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే సైలెన్సర్ మోజు ఇప్పుడు మనవాళ్ళకూ పట్టింది. ఈ తూటాలో రెండు రకాలు. 110–125 గ్రెయిన్ల వేగమైన రకం దగ్గర దూరంలో పందికి సరిపోతుంది. ధ్వని వేగానికి లోపల ప్రయాణించే 200 గ్రెయిన్ల పైబడిన రకం సైలెన్సర్‌తో పెద్దగా చప్పుడు చేయదు గాని, దాని శక్తి సుమారు 500 ఫుట్-పౌండ్లే, పిస్టల్ స్థాయి. ఆ వేగంలో చాలా బుల్లెట్లు విచ్చుకోవు కూడా. ఇంకో ప్రమాదం ఉంది. ఈ తూటా .223 మేగజైన్‌లోనే, అంటే రైఫిల్‌కు తగిలించే తూటాల డబ్బాలోనే, పడుతుంది, ఒక్కోసారి .223 బారెల్‌లోకీ దూరుతుంది. అలా కాలిస్తే రైఫిల్ చేతిలోనే పేలిపోతుంది. రెండు రకాల రైఫిళ్ళు ఉన్న బృందం మేగజైన్లకు రంగు టేపులు అంటించుకోవాలి. మంచిమాట చెప్పాలంటే, ఒకదాన్ని ఇంటి దగ్గరే వదిలి రావాలి.

తుపాకీ కంటే పెద్ద విషయం ఇప్పుడు చెబుతాను. మనలో సగం మంది హెచ్1బీ మీద, పిల్లలు ఎఫ్1 మీద, చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు సందర్శక వీసా మీద ఉంటారు. వలసేతర వీసా ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. కొనడం ఒక్కటే కాదు, స్నేహితుడి రైఫిల్ చేతిలోకి తీసుకోవడం కూడా దాని కిందికి రావచ్చు. ఈ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో మనకు అందుబాటులో ఉన్నది ఒకటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. ఇక్కడే మెలిక ఉంది. ప్రైవేటు భూమిలో పందికి లైసెన్సు అవసరం లేదని టెక్సాస్ చెప్పింది. దాన్ని నమ్మి లైసెన్సు తీసుకోకుండా వెళ్ళిన హెచ్1బీ మిత్రుడు రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమే, ఫెడరల్ చట్టం ప్రకారం నేరస్థుడు. శిక్ష జైలుతో ఆగదు, వలస హోదాకే ఎసరు పెడుతుంది. తెలిసి రైఫిల్ అందించిన పౌరుడికీ తిప్పలే.

కాబట్టి గ్రీన్ కార్డు రానివారు ముందు లైసెన్సు కొనండి, తర్వాతే ర్యాంచ్ మాట. టెక్సాస్ లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుందని గుర్తుంచుకోండి, సెప్టెంబరు మొదటి వారాంతానికి పాతది చెల్లదు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేసేయండి. సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి, వాట్సాప్ బృందాన్ని కాదు.

మాంసం ఇంటికి తెచ్చుకునేవారికి రెండు మాటలు. అడవి పందుల్లో బ్రూసెల్లోసిస్ అనే బాక్టీరియా జబ్బు ఉంటుంది, అది మనిషికి సోకుతుంది. కోసేటప్పుడు రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి, మాంసం లోపలి దాకా 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడెక్కాలి. మన కూర ఎలాగూ అంతసేపు ఉడుకుతుంది, చిక్కంతా బార్బెక్యూతోనే. రెండోది సీసం. సీసపు బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనబడని తునకలు గాయానికి దూరంగా కూడా చేరతాయి. 2008లో నార్త్ డకోటాలో ఫుడ్ బ్యాంకులకు దానంగా వచ్చిన జింక కైమాను ఎక్స్‌రే తీస్తే ఈ తునకలు బయటపడ్డాయి. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్నే నిషేధించింది. ఇంట్లో చిన్నపిల్లలు తినే మాంసమైతే రాగి బుల్లెట్‌కు మరికొన్ని డాలర్లు పెట్టండి. చీకట్లో ఒంటి వేడిని బట్టి జంతువును చూపే వేల డాలర్ల థర్మల్ స్కోప్ కొన్నవారు పెట్టెడు తూటాల దగ్గర పీనాసితనం చూపడం నాకెప్పటికీ అర్థం కాదు.

ఏ తూటా ఎంచుకున్నా, రైఫిల్‌కు గురి సరిచేయాల్సింది అదే తూటాతో. చవక ఎఫ్‌ఎంజేతో స్కోప్ సరిచేసి, వేట రోజున బాండెడ్ పెట్టె తెరిస్తే వంద గజాల దగ్గరే దెబ్బ పక్కకు పోవచ్చు. రెండు పెట్టెలు కొని, ఒకటి రేంజిలోనే ఖర్చు చేయండి.

మన సంఘం తరఫున ర్యాంచ్ యాత్రలు ఏర్పాటు చేసే కార్యకర్తలకు నా విన్నపం: బయలుదేరే ముందు పార్కింగ్ స్థలంలోనే ప్రతి ఒక్కరి లైసెన్సు, తూటా పెట్టె మీది అక్షరాలు చూడండి. లైసెన్సు లేని వీసాదారుల చేతికి రైఫిల్ ఇవ్వకండి, ఎంత దగ్గరి బంధువైనా సరే. ఎఫ్‌ఎంజే పెట్టెతో వచ్చినవారికి ఆ పూట ఉల్లిపాయలు తరిగే పని అప్పగించండి.