ఆశువు అంటే సాధన లేకపోవడం కాదు
కొమెడియా దెల్లార్తె, అంటే ముసుగులు వేసుకొని ఆశువుగా ఆడే పాతకాలపు ఇటలీ హాస్యనాటకం, ఆ నటులు అప్పటికప్పుడు తోచింది మాట్లాడేవారని, అసలైన సాధన షేక్‌స్పియర్ కాలపు లండన్ నటులదేనని నేను చదివిన ఒక వ్యాసంలో అన్న మాటతో నేను ఏకీభవించలేను. ఇటలీ నటుడు పాంటలోనే అనే పిసినారి వర్తకుడి వేషాన్నో, ఆర్లెక్కీనో అనే సేవకుడి వేషాన్నో ఏళ్ల తరబడి కట్టేవాడు. ముక్కు దాకా కప్పే తోలు ముసుగు వెనుక కనుబొమలు కూడా కనిపించవు కాబట్టి, కోపమైనా ఆకలైనా మెడ విరుపులో, అడుగు వేయడంలో చూపవలసి వచ్చేది. 1611లో ఫ్లామీనియో స్కాలా అనే నటుడు అచ్చు వేయించిన 50 కథాసంగ్రహాలలో ఎవరు ఎప్పుడు వచ్చి ఏం చేయాలన్నదే తప్ప సంభాషణలు లేవు. ఆ ఖాళీని నింపడానికి నటులు ప్రసంగాలు, హాస్యపు తునకలు కంఠస్థం చేసి సిద్ధంగా ఉంచుకొనేవారు. వ్యాసం ప్రస్తావించవలసిన తేడా మరొకటి ఉంది: ఇసబెల్లా ఆండ్రేయీని వంటి నటీమణులు ఇటలీలో పేరు మోసిన రోజుల్లోనే లండన్ నాటకశాలల్లో స్త్రీ పాత్రలను బాలురు పోషించేవారు.